మౌలాలీ తాయెత్తు

మాచర్ల బస్టాండు దాటి సాగరు రోడ్డు ఎక్కగానే ఎడమచేతి వైపు రేకుల షెడ్డులో మౌలాలీ కమానుకట్టల పని చేసేవాడు. లారీ బరువంతా మోసేది ఆ ఇనుప పట్టీల కట్టే. అది విరిగిందంటే ఎంత కొమ్ములు తిరిగిన లారీ అయినా రోడ్డు పక్కన కూలబడాల్సిందే. ఎనభైల మొదట్లో నాపరాళ్ళ లోడుతో పోయే లారీలకు ఆ రోడ్డు మీద కమాను విరగని రోజుండేది కాదు. మౌలాలీకి పనికి కొదవ లేదు. మనిషి పొట్టి, మాట గట్టి, చెయ్యి ఇంకా గట్టి. సమ్మెట చప్పుడు వింటే చాలు, కొడుతున్నది మౌలాలీయో అతని కొడుకు సుభానీయో ఎదురుగా ఉన్న టీ కొట్టువాడు చూడకుండానే చెప్పేవాడు.

అలాంటి మనిషి లోలోపల వణికిపోతూ బతికాడంటే ఆ వీధిలో ఎవరూ నమ్మరు. నమ్మినా నమ్మకపోయినా అలాగే బతికాడు.

ఒక వేసవిలో లారీ కింద పడుకుని బోల్టు విప్పుతుంటే జాకీ జారింది. ఇరుసు వచ్చి కుడి తొడ మీద పడింది. బయటికి లాగేసరికి తొడ మధ్యలో ఇంకో మోకాలు ఉన్నట్టు కాలు వంగిపోయి ఉంది. గుంటూరు తీసుకుపొమ్మని టీ కొట్టువాడు మొత్తుకున్నాడు. పెద్దాసుపత్రికి పోతే కాలు తీసేస్తారని ఎవరో ఎప్పుడో అన్న మాట మౌలాలీ బుర్రలో పాతుకుపోయి ఉంది. చచ్చినా పోనన్నాడు. ఎముకలు కట్టే బసవయ్యను పిలిపించారు. బసవయ్య కోడిగుడ్డు సొన పట్టించి, వెదురు బద్దలు పేర్చి, గుడ్డ చుట్టి కట్టు కట్టాడు. చేతులకూ వేళ్ళకూ మంచి కట్టే కట్టేవాడు గానీ, తొడ ఎముక అతని వల్ల కాలేదు. ఎముక అతికింది, వంకరగా అతికింది. కాలు పొట్టిదయింది, పాదం పక్కకు తిరిగింది. నొప్పి మాత్రం కట్టుతోపాటు పోలేదు. కూర్చుంటే నొప్పి, లేస్తే నొప్పి, పడుకుంటే మరీ నొప్పి.

ఆ రోజుల్లోనే ఉత్తరాది లారీ డ్రైవరొకడు షెడ్డు దగ్గర ఆగి, మౌలాలీ పళ్ళు బిగబట్టి సమ్మెట ఎత్తడం చూశాడు. జేబులోంచి నల్లటి ముద్ద తీసి, గోటితో ఆవగింజంత గిల్లి టీలో వేసి ఇచ్చాడు. ఆ టీ తాగిన కాసేపటికి మౌలాలీ కాలు అతనిది కాకుండా పోయింది. చాలా కాలం తరువాత హాయిగా ఊపిరి పీల్చుకున్నాడు. అది నల్లమందని అతనికి తెలియకపోలేదు. తెలిసే తాగాడు. తరువాత ఆ డ్రైవరూ, వాడి జతగాళ్ళూ కమాను పనికి కూలి కింద కొంత ఆ ముద్దే ఇచ్చిపోయేవాళ్ళు. ఆవగింజంత కాస్తా పెసరగింజంత అయింది, ఏడాది తిరిగేసరికి శనగగింజ దాటింది. వేసుకోకపోతే ఆవులింతలు, కళ్ళవెంట నీళ్ళు, ఒళ్ళంతా చీమలు పాకుతున్నట్టు చిరాకు. నొప్పి కోసం మొదలుపెట్టింది కాస్తా, అది లేకపోతే వచ్చే బాధ కోసం సాగింది.

పోలీసులంటే అతనికి అంత భయం లేదు. భయమంతా భార్య కరీమున్నీసా అంటేనే. కరీమున్నీసా తొలిచూలు ఆడపిల్లను మౌలాలీ తల్లే చంపుకుంది. చంపాలని కాదు. ఆ కాలపు ముసలమ్మలు చేసే పనే చేసింది. పసిబిడ్డ గుక్కపట్టి ఏడుస్తుంటే, నిద్రపోతుందని చనుబాలలో రంగరించి కాస్త నల్లమందు నాకించింది. ఆ కాస్త ఎంతో ఎవరికి తెలుసు? బిడ్డ నిద్రపోయింది, మళ్ళీ లేవలేదు. ఆనాటి నుంచి నల్లమందు మాట ఎవరి నోట విన్నా కరీమున్నీసా అక్కణ్ణించి లేచిపోయేది. అలాంటిదాని పక్కన పడుకుని, అదే నాలుక కింద పెట్టుకుని మౌలాలీ రోజులు వెళ్ళదీశాడు.

ఎక్కడ దాచాలన్నది పెద్ద సమస్య అయింది. చొక్కా జేబులు కరీమున్నీసా ఉతికేటప్పుడు వెతుకుతుంది. షెడ్డులో సుభానీ ఉంటాడు. చివరికి ఒక దర్గా ఉరుసులో అంగడి మీద ఖాళీ రాగి తాయెత్తు గొట్టం కొన్నాడు. అందులో నల్లమందు కూరి, మూతికి మైనం పెట్టి, నల్లదారంతో దండచేతికి కట్టుకున్నాడు. ఫకీరు మంత్రించి ఇచ్చాడని ఇంట్లో చెప్పాడు. అవసరమైనప్పుడల్లా తాయెత్తును పెదాలకు ఆనించుకునేవాడు. గోటితో మైనం తొలగించడం, కాస్త గిల్లి నాలుకకు రాసుకోవడం, మళ్ళీ అదమడం, అంతా ఒక్క ముద్దు పెట్టుకున్నంతలో అయిపోయేది. చూసేవాళ్ళకు ఎంత భక్తో! కరీమున్నీసా అయితే నలుగురికీ చెప్పుకునేది. "మా ఆయనకు ఇప్పుడు దేవుడంటే ఎంత గురి కుదిరిందో! తాయెత్తు కట్టుకున్నప్పటి నుంచీ కాలు నొప్పి కూడా నెమ్మదించింది" అనేది. ఆ మాట విన్నప్పుడల్లా మౌలాలీకి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలిసేది కాదు. దర్గాలోని వలీ పేరు చెప్పి ఆడిన అబద్ధం ఊరికే పోదనీ, ఎప్పుడో, ఎవరి మీదో పడుతుందనీ బెదిరిపోయేవాడు.

రెండేళ్ళు గడిచాక కాలు మరీ మొండికేసింది. సుభానీ పట్టుబట్టి నరసరావుపేటలో ఎముకల డాక్టరు పుల్లారావు దగ్గరికి తీసుకుపోయాడు. డాక్టరు ఎక్స్‌రే వెలుతురుకు పెట్టి చూశాడు.

"వంకరగా అతికిన ఎముకను మళ్ళీ విరవాలి. సరిచేసి, లోపల ఉక్కు కడ్డీ దించాలి. అప్పుడే నువ్వు తిన్నగా నడిచేది" అన్నాడు.

ఉక్కును వంచడం, కాల్చడం, కొట్టడం మౌలాలీకి పుట్టుకతో వచ్చిన విద్యలాంటిది. అది తన తొడలోకి దిగుతుందంటే మాత్రం ఒళ్ళు జలదరించింది.

"బీడీలు తాగుతావా?"

"తాగుతానయ్యా."

"సారా?"

"ముట్టనయ్యా."

"ఇంకేమన్నా అలవాటుందా? నొప్పికని మాత్రలు, సూదులు, నల్లమందు... ఏదున్నా దాచొద్దు. దాన్నిబట్టి మత్తివ్వాలి నేను."

పక్కనే కరీమున్నీసా నిలబడి ఉంది. మౌలాలీ నోరు తెరిచి, ఆమె వంక చూసి, మూసేశాడు. అతని బదులు ఆమే అందుకుంది.

"అట్టాటివేం లేవయ్యా. ఆయనకు తాయెత్తు ఒక్కటే మందు."

డాక్టరు నవ్వి రాసుకున్నాడు. మౌలాలీ కూడా నవ్వాడు. చెప్పే వీలు వచ్చి, చేతిలోంచి జారిపోయిందని ఆ క్షణంలోనే అతనికి తెలుసు. తరువాత డాక్టరు ఒంటరిగా దొరికినప్పుడు కూడా చెప్పలేదు. చెబితే కోత మానేస్తాడేమో, కొడుకును పిలిచి చెబుతాడేమో. తాయెత్తు నిండా కూరుకుని వచ్చాను కదా, ఎలాగో నెట్టుకొస్తానులే అని తనకు తానే ధైర్యం చెప్పుకున్నాడు.

ఆపరేషను రోజు పొద్దున నర్సు రాజేశ్వరి కత్తెర పట్టుకుని వచ్చింది.

"ఉంగరాలు, మొలతాడు, తాయెత్తులు అన్నీ తియ్యాలి బాబాయ్. లోపలికి ఇయ్యేవీ రాకూడదు."

మౌలాలీ చటుక్కున దండను రెండో చేత్తో మూసుకున్నాడు.

"ఇది మాత్రం తియ్యొద్దమ్మా. నీకు దండం పెడతా."

"డాక్టరుగారు తిడతారు నన్ను."

"తియ్యనీవయ్యా, నా కాడ భద్రంగా ఉంటదిలే" అని కరీమున్నీసా చెయ్యి పట్టుకుని విడదీసింది. కత్తెర దారం తెంపింది. తాయెత్తు భార్య కొంగు ముడిలోకి పోవడం చూస్తూ మౌలాలీ చక్రాల బండి మీద లోపలికి పోయాడు. కాలు పోతుందేమోనన్న భయం కూడా ఆ పూట వెనక్కి పోయింది. ఆ ముడి ఆమె విప్పుతుందేమో, మైనం తీసి వాసన చూస్తుందేమో అన్నదే అతని బుర్రనిండా ఉంది.

వెన్నులో సూది వేశారు. నడుము కింద ఏమీ లేనట్టయింది. తెలివి మాత్రం ఉంది. తెర అవతల కడ్డీ దించుతున్నారు. టంగ్, టంగ్ అని సుత్తి దెబ్బలు వినిపిస్తున్నాయి. ఇనుము మీద ఇనుము పడే చప్పుడు తన షెడ్డులో ఎన్నేళ్ళుగా విన్నాడో. ఇప్పుడు ఆ దెబ్బకు ఊగుతున్నది తన ఒళ్ళే. కళ్ళు మూసుకుని, తెలిసిన దేవుళ్ళందరినీ తలుచుకున్నాడు.

మధ్యాహ్నం దాటాక వార్డులో మంచం మీద పడేశారు. పొద్దు వాలేసరికి నడుము కింద స్పర్శ తిరిగొచ్చింది, దాంతోపాటు నొప్పీ వచ్చింది. అది మనిషి ఓర్చుకునే నొప్పి కాదు. ఎముకల లోపల కొలిమి ఊదుతున్నట్టుంది. రాజేశ్వరి వచ్చి నొప్పి సూది వేసింది. "ఇంకాసేపట్లో తగ్గుద్ది" అని వెళ్ళిపోయింది. తగ్గడం మాట అటుంచి, కాసేపటికి వేరే గోల మొదలైంది. దవడలు పగిలేట్టు ఆవులింతలు. ముక్కూ కళ్ళూ కారడం. ఒంటి మీద ప్రతి వెంట్రుకా నిక్కబొడుచుకుంది. కడుపులో మెలిపెట్టి తిప్పుతోంది. అన్నిటికీ మించి కాళ్ళు వాటంతటవే ఎగిరెగిరి పడుతున్నాయి. ఎగిరినప్పుడల్లా కడ్డీ దించిన తొడ కోసినట్టవుతోంది. సూది వేయకముందే నయమనిపించింది. పక్క మంచాలవాళ్ళు తలలు తిప్పి చూస్తున్నారు. చచ్చిపోతున్నానని మౌలాలీకి గట్టిగా అనిపించింది.

"ఏమే, నా తాయెత్తేది? ఇటియ్యి."

కరీమున్నీసా చెమట తుడుస్తూ, "నీకిప్పుడెందుకయ్యా అది? మస్తాన్‌బీకి కట్టా" అంది.

మస్తాన్‌బీ సుభానీ కూతురు. ఇంకా ఏడాది నిండని పిల్ల. పొద్దున తల్లి హజ్రా చంకనెత్తుకుని తెచ్చింది.

"ఎవరికి?"

"మస్తాన్‌బీకే. పళ్ళొస్తన్నయ్ గదా, ఒకటే ఏడుపు. నీ అంత నొప్పినే పోగొట్టింది, పిల్లకి మేలు చెయ్యదా అని మెళ్ళో కట్టి పంపిచ్చా. ఏడుపు మాని దాన్ని చప్పరిచ్చుకుంటా కూచుంది పిచ్చిది."

మౌలాలీకి చెవులు గింగురుమన్నాయి.

"యాడున్నారు వాళ్ళు?"

"సుభానీ బస్సెక్కించుకుని పోయ్యాడుగా. ఇందాకే బయల్దేరారు."

ఇక్కడ మౌలాలీ చేసిన పని ఒకటుంది. అతను జీవితాంతం మరిచిపోనిదీ అదే. మనవరాలి నోట్లో నల్లమందు ఉందని తెలిశాక కూడా అతను వెంటనే నోరు తెరవలేదు. మైనం గట్టిగానే అదిమానుగా అనుకున్నాడు. పిల్లకు ఇంకా పళ్ళెక్కడున్నాయి అనుకున్నాడు. ఇంటికి పోయాక ఎవరో ఒకరు విప్పి పక్కన పెట్టరా అనుకున్నాడు. కరీమున్నీసా అతని మొహం మీద చెమట తుడుస్తూనే ఉంది. ఆ చెయ్యి తన మీద నుంచి తొలగిపోతుందన్న భయం అతన్ని అంతసేపు ఆపింది. ఎంతసేపంటే, ఆమె గుడ్డను ఒకసారి నీళ్ళలో ముంచి పిండినంతసేపు. ఆ తరువాత, చనిపోయిన తొలిచూలు బిడ్డ మొహం కళ్ళకు కట్టింది. ఆ మొహం నిజంగా గుర్తుందో, భయమే గీసి చూపించిందో అతనికే తెలియదు. ఉన్నట్టుండి గావుకేక పెట్టాడు.

"పరిగెత్తవే! అది తాయెత్తు కాదు! అందులో ఉంది నల్లమందు! నేను తినేది! పిల్లని ఆపండి!"

కరీమున్నీసా తిట్టలేదు, ఏడవలేదు. ఒక్కసారి అతని మొహంలోకి చూసింది. చేతిలోని తడిగుడ్డ నేల మీద పడింది. చెప్పులు కూడా తొడుక్కోకుండా బయటికి పరిగెత్తింది.

కేకలకు డాక్టరు పుల్లారావు వచ్చాడు. మౌలాలీ అతని చెయ్యి పట్టుకుని, వెక్కుతూ, అంతా చెప్పేశాడు.

"అందులో ఎంతుంది?"

"నిండా ఉందయ్యా. పెద్దోళ్ళకైతే మూడు నాలుగు రోజులకొస్తది."

డాక్టరు కాంపౌండరు దేవదాసుకు తన స్కూటరు తాళాలు విసిరేశాడు. నకరికల్లు దాటకముందే మాచర్ల బస్సును ఆపి, తల్లినీ పిల్లనూ వెనక్కి తెమ్మన్నాడు. దేవదాసు స్కూటరు చప్పుడు వీధి చివర దాకా వినిపించింది. ఆ తరువాత ఏమీ వినిపించలేదు.

కదలలేని మనిషికి ఎదురుచూడటం ఎంత నరకమో పడ్డవాడికే తెలుస్తుంది. లేచి పరిగెత్తడానికి కాలు లేదు. పిల్ల చప్పరిస్తూ ఉంటుంది. బస్సు ఊగుతుంటే హజ్రా కునుకు తీస్తూ ఉంటుంది. పిల్ల కూడా పడుకుందిలే అని సంతోషిస్తుంది. పసిపిల్ల చల్లగా నిద్రపోయిందంటే ఏ తల్లి భయపడుతుంది? మౌలాలీ తల మంచం ఇనుప కమ్మీకేసి కొట్టుకున్నాడు. రాజేశ్వరి గట్టిగా పట్టుకుంది. తన నొప్పి, వాంతులు, పాడైన పక్కబట్టలు, ఏవీ అతనికి పట్టలేదు. కాలు తీసుకో, నన్ను తీసుకో, పిల్లను వదిలెయ్యమని పైకే మొరపెట్టుకున్నాడు.

దీపాలు పెట్టే వేళకు స్కూటరు వచ్చి ఆగింది. సుభానీ వెనక ఇంకో బస్సులో వస్తున్నాడు; హజ్రా భుజం మీద పిల్ల వేలాడుతోంది. నిద్రలో ఉంది. ఎంత కుదిపినా కళ్ళు తెరవడం లేదు. తాయెత్తు మూతికి మైనం సగమే ఉంది. డాక్టరు పిల్ల కనురెప్ప ఎత్తి టార్చి వేశాడు. నల్లగుడ్డు మధ్యలో చుక్క సూదిమొనంత అయిపోయి ఉంది. పక్క గదిలోకి ఎత్తుకుపోయారు. తలుపు మూశారు.

గోడకు ఇవతల మౌలాలీకి మాటలు తునకలు తునకలుగా వినిపిస్తున్నాయి. "నిద్రపోనియ్యొద్దు." "అరికాళ్ళు గిల్లు, గట్టిగా." "ఊపిరి చూడు." హజ్రా ఏడుపు వినిపిస్తోంది. బస్టాండు దాకా పరిగెత్తి తిరిగొచ్చిన కరీమున్నీసా గొంతు మాత్రం లేదు. పిల్ల ఏడుపు లేదు. ఎప్పటికో, సన్నగా, పిల్లికూన కూసినట్టు ఒక మూలుగు. మళ్ళీ ఏమీ లేదు. ఆ తరువాత మస్తాన్‌బీ గుక్కపట్టి, ఇల్లెగిరిపోయేట్టు ఏడ్చింది. మౌలాలీ దుప్పటి నోట్లో కుక్కుకుని తానూ ఏడ్చాడు.

పిల్ల ఒంట్లోకి పోయింది కొంచెమేనని డాక్టరు తేల్చాడు. ఆ రాత్రంతా కనిపెట్టి చూశాక గండం గడిచిందన్నాడు. తరువాత మౌలాలీ మంచం దగ్గరికి వచ్చి కూర్చున్నాడు. కోప్పడతాడనుకుంటే అలసిపోయినట్టు మాట్లాడాడు.

"నిన్న నీకు వేసిన సూది మామూలు వాళ్ళకు నొప్పి తగ్గిస్తుంది. నల్లమందుకు అలవాటు పడ్డ ఒంట్లో అది తగువు పెడుతుంది. అందుకే అంత గిలగిల్లాడావు. ముందే చెప్పుంటే ఆ సూది దగ్గరికి రానిచ్చేవాణ్ణి కాదు. కొన్నాళ్ళు ఆగి, నల్లమందు తగ్గించి, అప్పుడు కోసేవాణ్ణి."

"మీరు ఎల్లగొడతారేమోనని భయమేసిందయ్యా."

"కాలు విరగ్గొట్టడానికి ఒప్పుకున్నోడివి, ఆ ముక్క చెప్పడానికి భయమేందయ్యా నీకు?" అన్నాడు డాక్టరు.

సూది మార్చారు. అలవాటును ఒక్కసారిగా తెంపకుండా రోజురోజుకూ తగ్గించారు. ఇచ్చేది రాజేశ్వరి చేత్తోనే. అతని చేతికేమీ రానివ్వలేదు. పక్క మంచాలవాళ్ళు తొందరగా ఇళ్ళకు పోతుంటే మౌలాలీ అక్కడే ఉండిపోయాడు. తిండి సయించలేదు. నిద్ర లేదు. కుట్లు ఒకచోట చీము పట్టాయి. నొప్పికి ఒళ్ళు ఓర్వలేక మోకాలు వంచనివ్వలేదు, వంచనందుకు అది బిగుసుకుపోయింది. ఎముక మాత్రం మెల్లగా, ఈసారి తిన్నగా, అతుక్కోవడం మొదలుపెట్టింది.

ఇంటికొచ్చాక సుభానీ షెడ్డు పని చూసుకుంటూ తండ్రితో అవసరానికి మించి మాట్లాడేవాడు కాదు. హజ్రా పిల్లను అతని మంచం ఛాయలకు రానిచ్చేది కాదు. మౌలాలీ నొప్పి అని అంటే ఎవరూ తలెత్తేవాళ్ళు కాదు. అది కాలు నొప్పో, నల్లమందు కోసం నాటకమో అన్నట్టు చూసేవాళ్ళు. తప్పు వాళ్ళది కాదని అతనికి తెలుసు. తెలిసినా గుండె కోసినట్టుండేది.

కరీమున్నీసా ఒక్కతే రోజూ పొద్దున వచ్చి, డాక్టరు చెప్పినట్టు మోకాలు వంచేది. వంచేముందు మంచం పక్కన నిలబడి, "నోరు తెరువు" అనేది. అతను తెరిచేవాడు. నాలుక ఎత్తమనేది. ఎత్తేవాడు. వెలుతురుకు తిప్పి చూసి, ఏమీ లేదని తేలాకే కాలు పట్టుకునేది. యాభై ఏళ్ళ మనిషి, సమ్మెట పట్టిన మనిషి, పసిపిల్లవాడిలా నోరు తెరుచుకుని పడుకునేవాడు. మొదట్లో సిగ్గుతో చచ్చిపోయేవాడు. తరువాత అదీ రోజువారీ పనిలో పడిపోయింది.

అలా కొన్ని నెలలు గడిచాయి. కర్ర ఊతంతో వాకిలి దాకా నడవడం వచ్చింది. ఒకరోజు మధ్యాహ్నం మునుపు ముద్ద ఇచ్చిపోయే డ్రైవరొకడు షెడ్డు నుంచి వచ్చి పలకరించి పోయాడు. వాడి జేబు కేసి మౌలాలీ అదేపనిగా చూశాడు. వాడు ఏమీ ఇవ్వలేదు, ఇతను అడగలేదు. అయినా నోట్లో నీళ్ళూరాయి. వాడు ఇంకాసేపు కూర్చునుంటే ఏం జరిగేదో తలుచుకుంటే ఒళ్ళు చల్లబడింది.

మర్నాడు పొద్దున కరీమున్నీసా ఏదో పని తొందరలో వచ్చి, నేరుగా కాలు అందుకుంది.

"ఇయ్యాల నోరు చూడలేదేందే?" అన్నాడు మౌలాలీ.

ఆమె తలెత్తి, "ఇంకెందుకులేయ్యా. నమ్మకం కుదిరిందిలే" అంది.

ఆ మాట కోసం అతను ఎన్నాళ్ళ నుంచి ఎదురుచూశాడో. తీరా వచ్చాక, నిన్న ఆ డ్రైవరు జేబు కేసి తాను చూసిన చూపు గుర్తొచ్చింది.

"వద్దు. చూడవే" అన్నాడు. "నీకు నమ్మకం కుదిరింది గానీ, నాకింకా కుదరలా."

కరీమున్నీసా అతని కాలు మంచం మీద దించి, దగ్గరికి జరిగి, గడ్డం పట్టుకుంది. మౌలాలీ నోరు తెరిచాడు.